అతుకు పెట్టదగినవి, పెట్టరానివి

(సంఘాల సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిస్తే సాధారణంగా లెక్కల గురించో, సర్వసభ్య సమావేశం గురించో చెప్పమంటారు. ఈసారి జిగురు గురించి చెబుతానంటే మీ కార్యదర్శిగారు నవ్వారు. కాని తనిఖీకి వెళ్లిన ప్రతి సంఘంలోను మరమ్మతు వోచర్లలో ఈ పద్దు కనిపిస్తోంది. ఎం-సీల్ ఒకటి, ఫెవిక్విక్ రెండు, అరాల్డైట్ ఒకటి. ఆక్షేపణ రాయదగినంత సొమ్ము కాదు. అయితే అది దేనికి పూశారు అని అడిగితే వచ్చే జవాబు ఒక్కొక్కసారి గుండె ఆగేలా ఉంటుంది. అందుకని ఈ ప్రసంగం.

మన పెద్దలకు తెలిసిన తుమ్మబంక, మైదా జిగురు నీళ్లు తగిలితే కరిగిపోయేవి. 1959లో మన దేశంలో మొదలైన ఫెవికాల్ వంటి తెల్ల జిగురు కొయ్యకు మంచిదే గాని, మామూలు రకం ఎప్పుడూ తడిగా ఉండేచోట నిలవదు. పాడివాని ఇంట తడి లేని చోటు ఏది? కనుక మనకు పనికివచ్చేవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ. రెండవది చుక్క వేయగానే పట్టే చిన్న ట్యూబు జిగురు.

ఎపాక్సీలో రెజిన్ ఒక ట్యూబు, హార్డెనర్ ఒక ట్యూబు. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ గట్టిపడవు. కలిస్తే రసాయన చర్య మొదలై, వేడి పుట్టి రాయిలా అవుతుంది. ఇక్కడే మనవాళ్లు ఒక తెలివి చూపిస్తారు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేస్తారు. అలా వేస్తే మిగిలిపోయిన హార్డెనర్ అతుకులోనే ఉండిపోయి, ఎన్నాళ్లైనా జిడ్డుగా, మెత్తగా ఉంటుంది. ప్యాకెట్టు మీద ఎంత చెబితే అంతే కలపాలి. ముద్దగా వచ్చే రకాన్ని రెండు రంగులూ పూర్తిగా కలిసి, చార కనిపించకుండా పోయేవరకు పిసకాలి. చలికాలంలో ఆలస్యంగా గట్టిపడుతుంది, తొందరపడరాదు.

సిమెంటు నీళ్ల తొట్టి పగిలిందనుకోండి. పై నుంచి ముద్ద అద్దితే నాచు మీద అంటుకుంటుంది గాని సిమెంటుకు అంటుకోదు, వారానికే పెచ్చు లేస్తుంది. ముందు తొట్టి ఖాళీ చేసి, నాచు గీకి, రెండు రోజులు ఎండలో ఆరనివ్వాలి. పగులును ఉలితో కొంచెం వెడల్పు చేసి, తీగ బ్రష్షుతో రుద్ది, దుమ్ము పూర్తిగా దులపాలి. అప్పుడు ముద్దను లోపలికి గట్టిగా అదిమి నింపాలి. రేకు బక్కెట్టు అయితే తుప్పు పోయి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. పనిలో ముప్పాతిక భాగం ఈ శుభ్రం చేయడమే. మెత్తిన తరువాత ఒక పూర్తి రోజు, వీలైతే రెండు రోజులు ఆగి, తొట్టి నింపి ఆ నీళ్లు రెండుసార్లు పారబోసి, ఆ తరువాతే పశువును వదలాలి. పచ్చి జిగురు నాకితే నోరు పుండవుతుంది. తొట్టి కింద నేల కుంగి పగులు రోజురోజుకూ సాగుతుంటే మాత్రం ఏ జిగురూ ఆపలేదు, పునాది చూసుకోవలసిందే.

ప్లాస్టిక్ బక్కెట్ల విషయంలో చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, చూడండి. 2, 4, 5 అంకెలు ఉన్న ప్లాస్టిక్కు మీద మామూలు దుకాణపు జిగురు ఏదీ నిలవదు, మైనం మీద పూసినట్లే. దానికి వేడితో అతికే పనివాడే గతి. 3 అంకె పి.వి.సి. మన నీటి గొట్టాలు ఆ రకమే. దానికి వేరే ద్రావణం ఉంది. అది గొట్టం పై పొరను కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. గొట్టాన్ని తిన్నగా కోసి, తడి తుడిచి, రెండు వైపులా పూసి, కొద్దిగా తిప్పుతూ లోపలికి తోసి అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. దాని ఆవిరి నిప్పంటుకునేది. బీడీ నోట్లో పెట్టుకుని ఈ పని చేసేవారిని చూశాను.

ఇక పాల సంగతి. క్యాన్లకు, పాలు పితికే బక్కెట్లకు, పాలు తగిలే దేనికీ ఎపాక్సీ గాని ముద్ద గాని పెట్టరాదు. రోజూ వేడి నీళ్లు, కడిగే సోడా, దెబ్బలు తగిలే చోట అతుకు అంచు లేస్తుంది. ఆ సందులో చేరిన పాలు ఏ బ్రష్షుకూ అందవు, సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెడతాయి. సాయంత్రం పాలు ఉదయానికి విరిగితే అది ఒక్కరి నష్టం కాదు, ఆ క్యానులో పోసిన వారందరిదీ. చిల్లు పడిన అల్యూమినియం క్యానును వెల్డింగు చేయించండి, లేదా తీర్మానం చేసి రద్దు సామాను కింద తీసివేయండి. చేతిపిడి ఊడినా జిగురు వద్దు. నిండు క్యాను నలభై కిలోలకు పైమాటే, కాలి మీద పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

అంతకన్న పెద్ద పొరపాటు ఒకటి ఒక సంఘంలో చూశాను. ఊరు పేరు అనవసరం. లాక్టోమీటరు కాడ చిట్లితే టెస్టరు దాన్ని పారేయడం ఎందుకని అరాల్డైటుతో చుట్టి అతికాడు. పని శుభ్రంగానే చేశాడు. కాని లాక్టోమీటరు పనిచేసేది దాని బరువు మీదనే కదా! 40 గ్రాముల లాక్టోమీటరుకు 40 మిల్లీగ్రాముల జిగురు చేరితే, అంటే రెండు బియ్యపు గింజలంత బరువు చేరితే, అది ఆ మేరకు లోతుగా మునిగి ఒక డిగ్రీ తక్కువ చూపుతుంది. ఒక డిగ్రీకి ఎస్.ఎన్.ఎఫ్. పావు శాతం. అక్కడ రెండు డిగ్రీలు తేడా వచ్చింది. చిక్కని పాలు పోసేవారికి ధర కొంచెం తగ్గిందే గాని పైకి ఏమీ తెలియలేదు. రెండు గేదెలున్న ఒక పెద్దమ్మ పాలు ఎప్పుడూ తొమ్మిది శాతం అంచున ఉండేవి. ఆమె పాలు అంచు కిందికి దిగాయి. నీళ్లు కలుపుతోందని నలుగురిలో అన్నారు. ఆమె సంఘానికి రావడమే మానేసి కోడలితో పాలు పంపింది. నేను వెళ్లినరోజు, “అయ్యా, మా గేదె మీద ఒట్టు, చుక్క నీళ్లు కలపలేదు” అంది. శీతలీకరణ కేంద్రం నుంచి వేరే లాక్టోమీటరు తెప్పించి అదే పాలలో రెండూ వేసి చూస్తే తేలింది. తగ్గించిన సొమ్ము సభ్యులందరికీ తీర్మానం చేసి తిరిగి ఇచ్చారు. ఆమెను అన్న మాట ఏ పద్దు కింద తిరిగి ఇవ్వగలరు? ఇప్పుడు ఎనలైజర్లు వచ్చినా లాక్టోమీటరు చాలాచోట్ల పక్కనే ఉంది. చిట్లినదాన్ని ఆ రోజే పగలగొట్టి రిజిస్టరులో రాయండి.

బ్యుటిరోమీటరు కూడ అంతే. అందులో 10 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం పోస్తాము, పాలు కలిసేసరికి కాగిపోతుంది, ఆపైన నిమిషానికి 1,100 చుట్ల చొప్పున తిప్పుతాము. చిట్లిన గాజుకు జిగురు రాసి తిప్పితే ఆ ఆమ్లం టెస్టరు ముఖం మీదికే వస్తుంది.

చుక్క జిగురుకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో కోడాక్ కంపెనీ పరిశోధకుడు హ్యారీ కూవర్ 1942లో తుపాకీ గురి చూసే అద్దాల కోసం వెతుకుతుండగా ఇది బయటపడింది. అన్నింటికీ అంటుకుంటోందని విసుగొచ్చి పక్కన పెట్టారు. బజారుకు వచ్చింది 1958లో. గాలిలోని తేమ, చర్మం మీది తేమ తగలగానే గట్టిపడడం దీని గుణం. పలుచగా ఒక్క చుక్క చాలు, ఎక్కువ వేస్తే బలం తగ్గుతుంది. దెబ్బకు, వేడికి, ఎప్పుడూ నీటిలో నానడానికి ఇది ఆగదు. టార్చిలైటు మూత, రేడియో పెట్టె వంటివాటికి సరిపోతుంది. నూలుబట్ట మీద ఒలికితే మాత్రం జాగ్రత్త. పొగ వచ్చేంత వేడెక్కి చర్మం కాలుతుంది. నూలు చేతితొడుగులు, పంచె ఒడి ఈ పనికి తగవు.

పొదుగు చిట్లినా, చనుమొన తెగినా ఈ జిగురు వేస్తున్నారని విన్నాను. వద్దు. వైద్యులు గాయాలకు వాడేది ఆ కుటుంబానిదే అయినా వేరే రకం. పశువైద్యునికి చూపించండి. గిట్ట పుండైనప్పుడు పక్కన ఉన్న మంచి గిట్ట కింద కొయ్యదిమ్మ అంటించి, బాధ ఉన్న గిట్టకు విశ్రాంతి ఇచ్చే చికిత్స ఉంది. అదీ వైద్యుని చేతి పనే.

వేళ్లు అంటుకుంటే లాగకండి, తోలు ఊడుతుంది. గోరువెచ్చని సబ్బునీటిలో ఉంచి, మెల్లగా దొర్లిస్తూ విడదీయండి. కంట్లో పడితే రెప్పలను బలవంతంగా తెరవవద్దు, పదిహేను నిమిషాలు నీటిధార పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గోళ్ల రంగు తీసే ద్రవం కంటి దగ్గరికి, నోటి దగ్గరికి తేవద్దు. కంటిచుక్కల సీసా పక్కన ఈ ట్యూబు పెట్టవద్దని అమ్మలకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను, చీకట్లో రెండూ ఒకేలా తగులుతాయి. ఎపాక్సీ వేళ్లకు అంటకుండా ప్లాస్టిక్ సంచి అయినా తొడుక్కోండి. కొందరికి మొదట ఏమీ కాకపోయినా, మాటిమాటికి తగిలితే దురద, పొక్కులు పట్టుకుంటాయి. ఒకసారి పట్టుకుంటే తరువాత కొద్దిగా తగిలినా వస్తాయి.

మీరు తెచ్చిన పగిలిన సామాన్లు వరండాలో ఉన్నాయి. భోజనాలయ్యాక ఒక్కొక్కటి చూద్దాం. అందులో రెండు పాల క్యాన్లు ఉన్నాయని చూశాను. వాటిని మాత్రం ఇప్పుడే పక్కకు తీసి పెట్టించండి.