ముసుగు వీరుడును భూమి లెక్కయును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏ పల్లెటూరి గ్రంథాలయమున బీరువా తెరచినను ఒక సంగతి కంటబడును. కవిత్రయ భారతము అట్ట చెదరక నిలిచియుండును. అపరాధపరిశోధన నవలలు మాత్రము అట్టలూడి, కుట్లు విడి, మొదటి పుటలు లేక కనబడును. ఏది చదువబడుచున్నదో తెలుపుటకు ఇంతకంటె నమ్మదగిన చిట్టా వేరొకటి లేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని, అతని సహాయకుడు రాజును ఎరుగని పాఠకులు ఒకానొక తరమున తెలుగుదేశమున అరుదు. అట్టి పుస్తకములను చూచి పెద్దలు ముఖము చిట్లించుట ఎప్పుడును ఉన్నదే. ఐనను జనులు చిరిగిపోవునంతగా దేనిని చదివిరి, ఎందులకు చదివిరి అని విచారించుట గ్రంథాలయమునకు తగని పని కాదు. అందులకై దూరదేశపు చౌక నవలా నాయకుని ఒకనిని ఈ సభకు పిలువవలసియున్నది.

స్పెయిను దేశమున 1936 మొదలు 1939 వరకు అంతర్యుద్ధము జరిగెను. తరువాత ఫ్రాంకో పాలనలో కాగితమునకు కరవు. ప్రతి పుస్తకమును ప్రభుత్వ పరిశీలకుల చేతి మీదుగా వెలువడవలసినదే. ఆ దినములలో వీధి మొగల పత్రికల అంగళ్ళలో అమ్ముడుపోవు చిన్న నవలలకు గిరాకి మెండు. 1913లో బార్సిలోనా నగరమున జన్మించిన హోసే మల్యోర్కి అను రచయిత 1943లో 'ఎల్ కొయోటే' అను నవలను కార్టర్ మల్ఫర్డ్ అను ఆంగ్లపు మారుపేరుతో ప్రకటించెను. నాయకునికే కాదు, రచయితకును ముసుగే! మరుసటి యేటినుండి అది మాలికగా సాగి, 190కి పైగా నవలలై, పెక్కు భాషలలోనికి పోయెను.

ఇట్టి నాయకుడు అతని సొంత కల్పన కాడు. బారనెస్ ఆర్జీ 1905 నాటి నవలలో పైకి షోకిలావలె తిరుగుచు, చాటున ఫ్రెంచి విప్లవకాలపు కులీనులను కాపాడు ఆంగ్ల ప్రభువును సృష్టించెను. 1919లో జాన్‌స్టన్ మకల్లీ అను అమెరికా రచయిత ఆ పోలికను కాలిఫోర్నియాకు తెచ్చి 'జొరో'ను కల్పించెను. జొరో యనగా స్పానిషు భాషలో నక్క. కొయోటే యనగా అమెరికా మైదానములలో తిరుగు, తోడేలు జాతికి చెందిన చిన్న మృగము. నక్కకును కొయోటేకును భేదము జంతుశాస్త్రమునకు సంబంధించినది మాత్రమే కాదు. జొరో ఎదిరించినది తన జాతివాడే యైన దుష్టాధికారిని. కొయోటే ఎదిరించవలసివచ్చినది క్రొత్తగా వచ్చిన చట్టమును. చట్టము చేతబట్టి వచ్చినవాడు దోపిడికాడైనచో ఏమి చేయవలెనన్న ప్రశ్న ఇచ్చట పుట్టినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములు మెక్సికోతో యుద్ధము చేసి, 1848 ఫిబ్రవరిలో గ్వాడలూపె హిదాల్గో సంధిచే కాలిఫోర్నియాను గైకొనెను. అచ్చటి స్పానిషు కుటుంబముల ఆస్తులు అట్లే యుండునని సంధిలో వ్రాసిరి. మూడేండ్లు దాటగానే, 1851లో, భూమిహక్కును రుజువు చేసికొను భారము భూమిగల వానిపైననే మోపుచు శాసనము చేసిరి. ఆ కుటుంబముల చేతనున్న పత్రములెట్టివి? చేతితో గీసిన పటములు. ఒక దిక్కున కొండ, ఒక దిక్కున వాగు, మరియొక దిక్కున పెద్ద వృక్షము. వాగు దారి మారును, వృక్షము కూలును. చెక్కుబందీ తెలిసిన తెలుగువారికి ఈ కష్టము విడమరచి చెప్పనక్కరలేదు. పట్టాలోని నాలుగు హద్దులలో ఒకటి చెడినచో మూడు తరముల వ్యాజ్యము నడచుట పల్నాటిలో ఎరుగని దెవ్వరు?

ఆ కమిషను ముందునకు వచ్చిన దావాలు 813. అందులో 604 ఖాయపడినవి. లెక్కను పైపైన చూచినవారు న్యాయము జరిగినదనియే తలతురు. కాని తుదిపట్టా చేతికి వచ్చుటకు సగటున 17 సంవత్సరములు పట్టెను. విచారణ తమకు రాని ఆంగ్లభాషలో. వకీలు ఫీజు నగదు లేక భూమి రూపమున. ఖర్చులకు తెచ్చిన అప్పుపై వడ్డీ. దావా గెలిచి భూమి పోగొట్టుకొన్నవారు ఎందరో. తుపాకి మ్రోగకయే, రక్తము చిందకయే ఆ పని జరిగినది.

ఈ కాలమునందే మల్యోర్కి తన నాయకుడు దోన్ సెసార్ దె ఎచాగ్వేను నిలిపెను. పగటివేళ సెసార్ సోమరి, పిరికి, పట్టు చొక్కాల ప్రియుడు. రాత్రివేళ ముసుగు ధరించి గుఱ్ఱమెక్కి, దుర్మార్గుని చెవితమ్మెను తూటాతో చీల్చి గురుతు పెట్టును. ఈ కథలలో నిలువదగినది తూటా కాదు, తండ్రి. కుమారుని పిరికితనమును చూచి వృద్ధుడు సిగ్గుతో కుములును. కుమారుడు నోరు మెదపరాదు. అన్యాయమును ఎదిరించుటకంటె, ఎదిరించువాడై యుండియు కన్నతండ్రి యేవగింపును భరించుట కష్టతరము కదా! స్పెయిను పాఠకుడు తాను వీధిలో పలుకరాని మాటను ఆ మౌనములో విని యుండును.

మారువేషపు వెల యెంతయో తెలుగు పాఠకునకు తిక్కన సోమయాజి విరాటపర్వమున ముందే తెలిపియున్నాడు. నిండు కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నెను. భీముడు లేవబోగా ధర్మజుడు కనుసైగతో ఆపెను. అజ్ఞాతవాసము బయటపడినచో మరల పండ్రెండేండ్ల అడవి. ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీముని మేలుకొలిపిన ఘట్టమును చదివినవారికి కొయోటే తండ్రి దుఃఖము క్రొత్తగా తోచదు. పిదప నర్తనశాలలో, చీకటిలో, వంటవాడు కీచకుని వధించెను. గంధర్వులు చంపిరని ఊరు చెప్పుకొనెను. ఐనను ముసుగు దాచలేని దొకటి యున్నది. కీచకుడు చచ్చెనని వినినంతనే హస్తినాపురమున దుర్యోధనుడు భీముని గుర్తించెను. పని చేసినవానిని పనియే పట్టియిచ్చెను.

తెలుగునాట ముసుగు వీరుడు ప్రబలినది నవలలలో కంటె వెండితెరపై. నామక్కల్ రామలింగం పిళ్ళె తమిళ నవల ఆధారముగా 1954లో 'మలైక్కళ్ళన్' చిత్రము వచ్చెను. నాయకుడు ఎం.జి. రామచంద్రన్, సంభాషణలు కరుణానిధి. అదే కథ అదే సంవత్సరమున తెలుగున 'అగ్గిరాముడు'. అందు నాయకుడు నందమూరి తారక రామారావు. ఒక్క మారువేషపు దొంగ కథతో సంబంధించిన మువ్వురును ముఖ్యమంత్రులగుట చరిత్రలో చిత్రమైన సంగతి. 1963లో విఠలాచార్య దర్శకత్వమున 'బందిపోటు' వచ్చెను. ముసుగు ధరించిన నరసింహగా రామారావు గుఱ్ఱమెక్కిన ఆ చిత్రము నాటి ప్రేక్షకులకు ఇప్పటికిని జ్ఞాపకమే. 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు'లో కృష్ణ ధరించిన టోపీ మూలము ఇటలీవారు స్పెయిను ఎడారిలో తీసిన చిత్రములలోనిది. 1990లో 'కొండవీటి దొంగ' చిరంజీవి. కొండవీడు 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే.

పల్నాటిలో మాత్రము ముసుగు వింత కాదు. రోహిణికార్తె మిట్టమధ్యాహ్నమున రెంటచింతల బజారులో తలకును ముఖమునకును తువాలు చుట్టుకొననివాడే వింతగా కనబడును!

ఐనను ఈ సీమ తలచుకొను వీరుడు ముఖము దాచినవాడు కాడు. అడవిలో పశువులను మేపినందుకు కట్టవలసిన పుల్లరిని ఎదిరించి 1922లో పోలీసు తూటాలకు కూలిన మించాలపాటి కన్నెగంటి హనుమంతు పేరు, ఊరు అందరకు తెలిసినవే. దాచుకొని యుండినచో బ్రదికెడివాడేమో. అదే సంవత్సరము ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడిన అల్లూరి సీతారామరాజు, తీసికొనిన ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెను. తుపాకులు తీసికొనిపోవువాడు రసీదు ఇచ్చుట మల్యోర్కి ఊహకును అందలేదు. లెక్క వ్రాయువారు ఈ ఘట్టమును రెండు మారులు చదువుదురు. ఎవడు తీసెనో, ఎంత తీసెనో, ఏ తేదీన తీసెనో అంతయు అందున్నది. అధికారి పుస్తకము అధికారికే ఎదురు సాక్ష్యమైనది.

కొయోటే తన నవలలలో లెక్కలేనన్ని చెవులు చీల్చెను గాని, కమిషను దస్త్రములో ఒక్క పంక్తి దిద్దలేదు. కాలిఫోర్నియాలో భూమి పోయినది చెవితమ్మె లేని దుర్మార్గుని చేత; అతని పేరు దస్త్రము. దానిపై ఏ తూటాయు పనిచేయదు. ఆ సంగతి తెరమీది మన బందిపోటునకు కాలక్రమమున తెలిసినట్లున్నది. 1983లో ముఖ్యమంత్రియైన రామారావుగారు, 1984 జనవరిలో, ఆర్డినెన్సు ద్వారా కరణము, మునసబు పదవులను రద్దుచేసిరి. తరతరములుగా ఇండ్లలోని భోషాణములలో నున్న అడంగళ్ళు, చిట్టాలు, డైగ్లాట్లు గుడ్డమూటలుగా కచేరులకు తరలినవి. రైతులు కొందరు సంతోషించిరి, కొందరు తమ సర్వే నెంబరు ఇక ఎవరి నడుగవలెనని వెదకికొనిరి. ఆ సంవత్సరము ఎవ్వరి ముఖమునను ముసుగు లేదు.