పాత ఇండ్ల కొయ్యపనికి నిలిచే రంగు



కోనసీమలో గాని, కృష్ణా డెల్టాలో గాని నేటికిని నిలిచి ఉన్న మండువా లోగిళ్ళలో గోడలకు సున్నము వేయించుట, జారిన పెంకు ఎక్కించుట ఏటేటా జరుగుతూనే ఉంటాయి. వీధివైపు ఉన్న కొయ్యపని మాత్రము ఇంట పెండ్లి కుదిరితే తప్ప ఎవరికీ జ్ఞాపకము రాదు. అప్పుడైనా ముహూర్తము పది దినములు ఉన్నదనగా ఎనామిలు డబ్బా తెప్పించి, పాత రంగు మీదనే కొత్త రంగు పూయించుట ఆనవాయితీ అయిపోయినది. పందిరి విప్పేనాటికి తళతళలాడిన అరుగు స్తంభము రెండు వానకాలములు గడిచేసరికి పొరలు పొరలుగా లేచిపోతుంది. అందరమూ రంగును నిందిస్తాము. పెచ్చు లేచిన అంచును కొంచెము పరికించి చూస్తే ఆ నింద ఎంతవరకు న్యాయమో తెలుస్తుంది. నీలము కింద ఆకుపచ్చ, దాని కింద గోధుమ, దాని కింద మరల ఆకుపచ్చ. ఆ ఇంట జరిగిన పెండ్లిండ్లన్నిటికీ అక్కడ లెక్క దొరుకుతుంది.

కొయ్య నూరేండ్లదైనా సరే, వానకాలములో తేమ పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో తేమ వదలి కుంచించుకొంటుంది. ఈ కదలిక పొడవునా దాదాపు ఉండదు, అడ్డముగా ఉంటుంది. టేకులో తక్కువ, నాసిరకపు కొయ్యలలో ఎక్కువ. పైన ఉన్న నూనె రంగు సంగతి వేరు. అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని ఎండుతుంది. చేతికి అంటనంత మాత్రాన ఆ పని ఆగదు, ఏండ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. అందువల్ల పూత ఏటికేడు గట్టిపడి పెళుసుబారుతుంది. కింద కొయ్య కదులుతుంటే, పైనున్న పూత కదలలేక చీలుతుంది. చీలికలోనుండి దిగిన వాననీరు, మిగిలిన పూత అడ్డమై ఆరిపోలేక, లోపలనే నిలిచి కొయ్యను కుళ్ళబెడుతుంది. పూతలు ఎన్ని పేరుకొంటే ఈ ప్రమాదము అంత ఎక్కువ. అడుగు పొర పట్టు వదలిన తరువాత పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, అది పట్టుకొని ఉండేది ఆ వదలిన పొరనే గదా!

కాబట్టి దుకాణమునకు పోయే ముందు కొయ్యను పరీక్షించవలెను. ద్వారబంధము గడపను కలిసే చోట, స్తంభము మొదట, చూరు వాసముల కొసలలో, కిటికీ చట్రపు కింది కమ్మి మీద చిన్న చాకు మొనతో పొడిచి చూడండి. మొన మెత్తగా దిగిపోతే ముందు పిలువవలసినది వడ్రంగిని. ఈ నాలుగు చోట్లనే ఎందుకు చెబుతున్నామంటే, నీరు నిలిచేది అక్కడనే. పైగా కోసిన కొయ్య కొస, పక్కల కంటె అనేక రెట్లు వేగముగా నీరు తాగుతుంది. ఇక పాత పూత గట్టిగా ఉన్నదనిపించిన చోట బ్లేడుతో చిన్న గంటు పెట్టి, అంటుకొనే టేపు ముక్కను అదిమి, ఒక్క ఊపున లాగవలెను. రంగు ఊడి రాకపోతే ఆ పూతను గీకవలసిన పని లేదు. కడిగి, మెరుపు పోయేటట్టు రుద్ది, దాని మీదనే వేయవచ్చును. ఊడివస్తే మాత్రము అంతమేరకు తీసివేయక తప్పదు.

తీసివేయుట అనే మాట దగ్గర కొంతసేపు ఆగవలెను. పూర్వము కొయ్యకు మొదటి పూతగా సఫేదాను, అనగా సీసపు తెలుపును, అవిసె నూనెలో కలిపి వేసేవారు. దానిలో కొంత సీసపు సింధూరము కూడ చేరిస్తే గులాబీ ఛాయ వచ్చేది. పూతగా దానికి వంక పెట్టలేము. కొయ్యను గట్టిగా పట్టుకొనేది, చాలకాలము నిలిచేది. కాని సీసము విషము. మన దేశములో ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదనే నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి పూతలలో సీసము ఉన్నదనుకొని పని చేయుటయే క్షేమము. అన్నిటికంటె ఎక్కువగా అనుమానించవలసినది పసుపుపచ్చ. పాత పసుపు ఎనామిళ్ళకు ఆ నిండైన రంగు తరచుగా సీసపు క్రోమేటు వల్ల వచ్చేది. మన ఇండ్లలో ఆ రంగు వేసేది ఎక్కడ? గడపకు! రోజూ పసుపు రాసి బొట్లు పెట్టే తీరిక లేక, పసుపు ఎనామిలు పూయించి దాని మీద ఎర్ర చుక్కలు దిద్దించిన ఇండ్లు ఎన్నో ఉన్నవి. పదిమంది పాదముల కింద అరిగి ధూళి అయ్యేది ఆ రంగే. పాకే పసివాడు చేతులు ఆనించేదీ అక్కడనే. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసము చేసే చెరుపు కొద్ది మోతాదులోనే మొదలవుతుంది. ఇంతవరకు భయము లేదని చెప్పదగిన హద్దు ఏదీ తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అందుచేత పాత పూతను పొడిగా రుద్దరాదు, మంటతో కాల్చి గీకరాదు. తడి చేసి వాటర్ పేపరుతో రుద్దవలెను. కింద పట్టా పరచి, రాలినదంతా తడి ఆరకముందే మూటకట్టి తీసివేయవలెను. తరువాత చీపురుతో ఊడ్చితే ధూళి లేస్తుంది, తడిగుడ్డతో తుడవవలెను. ఆ దినములలో పసిపిల్లలు, గర్భిణులు వేరొక ఇంట ఉండుట మంచిది. మేస్త్రి ముక్కుకు తువ్వాలు చుట్టుకొంటే సరిపోదు. సన్నధూళిని ఆపే మాస్కును ఆయనకు ఇంటి యజమానియే కొని ఇవ్వవలెను. గడపకు, మా అభిప్రాయములో, రంగు వేయించకుండా కల్తీ లేని పసుపు రాసుకొనుటయే మేలు.

ఇక డబ్బా సంగతి. టేకు నరము కనబడవలెనని మోజుపడి వీధి తలుపులకు తేట వార్నిషు వేయించేవారు చాలమంది. ఎండ తగిలే చోట అన్నిటికంటె త్వరగా పాడయ్యేది అదే. తేట పూతగుండా సూర్యకిరణములు సూటిగా దిగి కొయ్య పైపొరను చెరిపివేస్తాయి. పట్టు తప్పిన వార్నిషు పొలుసులుగా రాలుతుంది. రంగులోని వర్ణపదార్థమే కొయ్యకు గొడుగు. వార్నిషును లోపలి గదుల తలుపులకు ఉంచుకొందాము.

మనకు చిరపరిచితమైన ఎనామిలు, అనగా ఆల్కిడ్ నూనె రంగు, నున్నగా పరచుకొంటుంది, గట్టిగా ఆరుతుంది, చేతిమురికి తుడిస్తే పోతుంది. తీసి మూసే తలుపు రెక్కలకు, వసారా నీడలో ఉండే వాటికి అది తగును. నీటితో పలుచన చేసే అక్రిలిక్ రంగు మరొక తెగ. నీళ్ళ రంగు అనగానే సున్నముతో పోల్చి చులకన చేసేవారు ఉన్నారు. అది ఆరిన తరువాత నీటికి కరగదు. సాగే గుణమును ఏండ్ల తరబడి నిలుపుకొంటుంది. లోపలి తేమను ఆవిరిగా కొంత బయటికి పోనిస్తుంది. తెలుపు వేస్తే పసుపుబారదు. ఎండావానలు నేరుగా తగిలే స్తంభములకు, చూరు పలకలకు, కిటికీ చట్రములకు మేమైతే దీనినే ఎంచుకొంటాము. అయితే అది బయటి కొయ్యపనికని డబ్బా మీద స్పష్టముగా ఉండవలెను. గోడల ఎమల్షను ఇక్కడ పనికిరాదు. దీనికొక లోపమున్నది. కొత్తలో తలుపు రెక్క చట్రమును అంటుకొనిపోతుంది. అందుకే ఒకదానికొకటి ఒరుసుకొనే అంచులకు ఎనామిలే వేయించుకొనవలెను. పడమటి ముఖమునకు ముదురు రంగు వద్దు. అది ఎండను ఎక్కువ పీల్చి కొయ్యను మరింత కదిలిస్తుంది.

ఏ రంగైనా, బయటపడిన కొయ్యకు దానికి తగిన ప్రైమరు ఒక పూత, పైన రెండు పలుచని పూతలు చాలును. టేకులో సహజముగా ఉన్న నూనె రంగును పట్టనీయదు గనుక ముందు టర్పెంటైను గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము వంటి సముద్రతీరపు ఊళ్ళలో కొయ్య మీద చేరిన ఉప్పును మంచినీటితో కడిగి, బాగుగా ఆరిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. గీకిన కొయ్యను వారాల తరబడి ఎండకు వదలివేస్తే పైపొర చెడి, ప్రైమరుకు పట్టు ఉండదు.

తుఫానుల కాలము దాటిన తరువాత, డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరి చివరివరకు ఈ పనికి అనువైన కాలము. ఉదయము మంచు తడి ఆరిన పిమ్మట కుంచె పట్టవలెను. రోహిణీ కార్తె ఎండలో వేసిన పూత పైన తొందరగా తోలుకట్టి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. పెండ్లి వైశాఖములో ఉన్నదంటే రంగు పని మాఘములోనే ముగించుకొనవచ్చును గదా. రంగు ఖరీదుకంటె కూలి ఎక్కువ పడే పని ఇది. చవుక డబ్బా తెచ్చి మిగుల్చుకొన్న సొమ్ము, రెండేండ్లకే మరల పెట్టవలసిన కూలికి ఏ మూలకూ రాదు.

మేస్త్రితో బేరము కుదుర్చుకొనేటప్పుడే మరొక మాట చెప్పి ఉంచండి. తలుపు రెక్కల అడుగు అంచు ఎవరి కంటికీ కనబడదు గనుక దానిని పూయకుండా వదలివేయుట మామూలు. గడప కడిగిన నీరు ప్రతి ఉదయము తాగేది ఆ అంచే. రెక్కలను కీళ్ళనుండి ఊడదీయించి, తలకిందులుగా నిలబెట్టి, ఆ అంచుకు ప్రైమరు రెండుసార్లు పట్టించవలెను. ఇందుకు ఒక పూట పని ఎక్కువ పడుతుంది. ఆ పూట కూలి ముందుగానే ఒప్పుకొనండి.