ఆరోగ్య స్వరాజ్యము

(ఒక గ్రంథాలయ సభలో గావించిన ఉపన్యాసము)



ప్రజారోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు నన్నాజ్ఞాపించితిరి. ఈ మాట వినఁగానే పట్టణవాసులమగు మన మనస్సునకుఁ దోఁచునది ఆసుపత్రి యొక్కటియే. మంచము లెన్ని, వైద్యు లెందఱు, యంత్రము లేవి యను విచారణతో మన చర్చ ముగియును. ధర్మబుద్ధిగల శ్రీమంతుఁ డొకఁడు ముందునకు వచ్చినచో ఒక వార్డు కట్టించి దానిపై తల్లిదండ్రుల పేరు చెక్కించును. ఉత్సాహవంతులగు యువకులు కూడినచో ఆదివారమునాఁడు ఉచిత వైద్యశిబిరము పెట్టి, మాత్రలు పంచి, ప్రొద్దుగూఁకులోపల ఇల్లు చేరుదురు. ఇవి తప్పులని నేననను. వార్డు లేనిచోట వార్డు కావలసినదే. అయినను, శిబిరము ఎత్తివేసిన మఱునాఁటి రాత్రి ఆ యూరి పసిబిడ్డకు ఊపిరి యాడకపోయినచో ఎవరు చూతురు? ఈ ప్రశ్నను ముందిడుకొని, దానికి ముప్పదియేండ్లకు మించి సమాధానము వెదకిన యొక స్వచ్ఛంద సంస్థ చరిత్రమును నేఁడు మీకు విన్నవించెదను.

ఆ సంస్థ మనకు దూరపుది కాదు. కాళేశ్వరమున నిలిచి ఆవలి యొడ్డును జూచినచో కనఁబడునది సిరొంచ తాలూకా. అది మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లాకు దక్షిణపుఁ గొస. అచ్చట తెలుఁగు మాటాడు కుటుంబములు తరతరములుగా వసించుచున్నవి. ఈ యొడ్డువారికిని ఆ యొడ్డువారికిని నది యొక్కటే, అడవి యొక్కటే, అడవిజ్వరము లొక్కటే. 1982లో చంద్రపూరునుండి విడఁదీయఁబడిన ఆ జిల్లాలో అరణ్యములు విస్తారము, గోండు జనులు విస్తారము. బాటలును వైద్యులును మాత్రము మిక్కిలి అరుదు.

అట్టి జిల్లాకు 1986 ప్రాంతమున డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ అను దంపతులు వచ్చి స్థిరపడిరి. అభయ్ గారు సేవాగ్రామపు వాతావరణమునఁ బెరిగినవారు. వారి తండ్రి ఠాకూర్‌దాస్ బంగ్ గారు స్వాతంత్ర్యోద్యమమునఁ బాల్గొన్న గాంధేయవాది. రాణీగారు చంద్రపూరు ఆడుపడుచు. ఇరువురును అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్ర మభ్యసించి స్వదేశమునకు మరలిరి. అట్టి విద్యకు నగరములలో గిరాకి యెంతయో మీ రెఱుఁగుదురు. వారు నగరమును గోరలేదు. సామాజికారోగ్య విషయమున విద్య, కార్యము, పరిశోధన అను మూఁడింటిని జతపఱచి ‘సెర్చ్’ అను సంస్థను స్థాపించి, శోధగ్రామమను నివాసమును ఏర్పఱచుకొనిరి.

వచ్చినవారు మొదట భవనము కట్టలేదు, మొదట ప్రజలను ప్రశ్నించిరి. పెద్ద ఆసుపత్రులు తమకు భయము గొల్పునని, రోగిని లోపల నుంచి బంధువులను వెలుపలికిఁ బంపుట తమకు సరిపడదని ఆ జనులు చెప్పిరి. అందుచేత ఆసుపత్రిని ఒక పల్లెవలె, కుటీరములుగా, రోగితోఁ గుటుంబమువారును ఉండుటకు వీలుగాఁ గట్టి, వారి యారాధ్యదేవతయగు దంతేశ్వరీమాత పేరు పెట్టిరి. చూచితిరా! రోగి వైద్యుని పద్ధతికి లొంగవలెనని మనము తలఁతుము. ఇచ్చట వైద్యుఁడే రోగి మర్యాదకు లొంగెను.

పిమ్మట స్త్రీల సంగతి. గర్భము, ప్రసవము, కుటుంబ నియంత్రణము తప్ప స్త్రీకి వేఱొక వ్యాధి గలదని ప్రభుత్వ ప్రణాళికలు అంతగా తలఁపని కాలమది. రాణీగారు రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షింపఁగా, నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి యున్నట్లు తేలెను. అంతకుముందెన్నఁడైనను అట్టి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది. ఈ ఫలితము 1989లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. నూటికి తొంబదిమంది వ్యాధిని మ్రింగుకొని వంట వండుచు, నీరు మోయుచు, బిడ్డల నెత్తుకొనుచుండిరి. అడిగినవారు లేకపోవుటచే చెప్పినవారు లేరు. మన యిండ్లలో మాత్రము అడుగువా రున్నారా యని ఈ సభలోని పురుషులు తమ్ముఁదాము ప్రశ్నించుకొందురుగాక!

ఇఁక బిడ్డల విషయము. పసిబిడ్డలను హరించు వ్యాధులలో న్యుమోనియా ముఖ్యము. దానిని గుర్తించుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. నిమిషమునకు ఊపిరి యెన్ని మాఱులో లెక్కింపవలెను. రెండు నెలలలోపు శిశువునకు 60, ఆపై పసివానికి 50 దాఁటినచో అనుమానింపవలెను. కాని ఏఁబది వఱకు లెక్క రాని మంత్రసాని యేమి చేయును? ఆమెకొఱకు ఒక పరికరమును గల్పించిరి. చట్రమునఁ గొన్ని పూసలు, ప్రక్కన నిమిషపు ఇసుక గడియారము. పది యూపిరుల కొక పూస జరుపవలెను. ఇసుక జాఱకముందే ఎఱ్ఱపూస వంతు వచ్చెనా, మందు మొదలిడవలెను. అక్షరము రాని చేతికి శాస్త్రము చిక్కినది. గ్రామస్థులకును మంత్రసానులకును ఇట్లు శిక్షణ మొసఁగి, మందు వారి చేతఁ బెట్టినమీఁదట, ఆ గ్రామములలో న్యుమోనియాచేఁ జనిపోవు శిశువుల సంఖ్య, ఇట్టి యేర్పాటు లేని పొరుగు గ్రామములతోఁ బోల్చినచో, నూటికి 54 వంతులు తక్కువయైనట్లు 1990లోఁ బ్రకటించిరి.

అంతకన్నను కఠినమైన సమస్య నవజాతశిశువులది. పుట్టిన 28 దినములలోపల మరణించువారిని గూర్చి నాఁటి వైద్యలోకపు తీర్పు ఒక్కటే: ఆసుపత్రికిఁ గొనిపొండు. కొనిపోవుటకు బండి లేదు, బాట లేదు, డబ్బు లేదు. పురిటిదినములు వెళ్లక తల్లి గడప దాఁటరాదను ఆచార మొకటి. అందుచేత బిడ్డ ఆసుపత్రికిఁ బోలేనిచో ఆసుపత్రి జ్ఞానమే బిడ్డకడకుఁ బోవలెనని సెర్చ్ వారు నిశ్చయించి, కొలఁదిపాటి చదువుగల పల్లె స్త్రీల నెన్నుకొని ‘ఆరోగ్యదూత’లుగాఁ దీర్చిరి. ఆరోగ్యదూత ప్రసవవేళకు ఇంటికి వచ్చును. ఊపిరి పీల్చని బిడ్డకు ఊపిరి యందించును. బరువు తూఁచును, వేడిమి చూచును, తడి తుడిచి వెచ్చగాఁ జుట్టును, తొలి గంటలోనే తల్లిపాలు పట్టించును. పిమ్మట దినములు లెక్కించి మరల మరల వచ్చును. బిడ్డ పాలు త్రాగుట మానినను, ఏడ్పు సన్నగిల్లినను, ఒడలు చల్లఁబడినను, రక్తమున విషము ప్రవేశించిన లక్షణములను గుర్తించి ఆసుపత్రికిఁ బొమ్మనును. పోలేమన్నచో తల్లిదండ్రుల సమ్మతితో తానే జెంటామైసిన్ సూదిమం దిచ్చును.

39 గ్రామములలో ఈ కార్యము సాగినది. సరిపోల్చుటకు వేఱు 47 గ్రామములను గైకొని, ఇరుదిక్కుల ప్రతి జననమును ప్రతి మరణమును లెక్కవ్రాసిరి. మొదట వేయి జననములకు 62 మంది నవజాతశిశువులు చనిపోవుచుండిన గ్రామములలో, మూఁడవ యేఁటికి ఆ సంఖ్య 25 చేరువకు దిగెను. పొరుగు గ్రామములతోఁ బోల్చి చూడఁగా నూటికి 62 వంతుల తగ్గుదల. ఇది 1999లో లాన్సెట్ పత్రికలోఁ బ్రకటింపఁబడినది.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. “సూది పల్లెటూరి స్త్రీ చేతి కిత్తురా? ప్రమాదము గాదా?” యని కొందఱు వైద్యులడిగిరి. జాగ్రత్తగల వైద్యుఁడు అడుగవలసిన ప్రశ్నయే యది. ప్రత్యుత్తరము వాదముచేఁ గాదు, లెక్కచేత వచ్చినది. ఎవరును రాని యింట బిడ్డ మరణించుటకంటె పెద్ద ప్రమాదమేది? రెండవ ఆక్షేపణ మఱింత గట్టిది: “ధనికునకు ఆసుపత్రియు, పేదకు ఆరోగ్యదూతయునా? ఇది రెండవ తరగతి వైద్యము గాదా?” ఆసుపత్రికి మాఱుగా ఆరోగ్యదూతను నిలిపినచో అట్లే యగును. ఆసుపత్రికిని ఇంటికిని నడుమ నున్న శూన్యమున నిలిపినచో అట్లుగాదు. నేఁడు ప్రసవములు చాలవఱకు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి, సంతోషము. కాని మూఁడవనాఁటికో నాలవనాఁటికో బిడ్డ ఇల్లు చేరును. ఆ తరువాతి దినములకు దిక్కెవరు?

ఈ పద్ధతిని లోకము గుర్తించినది. 2009లో ప్రపంచారోగ్యసంస్థయు యూనిసెఫును నవజాతశిశువుల యింటికిఁ బోయి చూచుట అవసరమని సంయుక్తముగాఁ బ్రకటించినవి. 2011లో భారతప్రభుత్వము ఆశా కార్యకర్తలద్వారా దేశమంతట దీని నాచరణలోఁ బెట్టినది. ఆసుపత్రిలోఁ బుట్టిన బిడ్డకు 42 దినములలో ఆఱు మాఱులు, ఇంటఁ బుట్టిన బిడ్డకు ఏడు మాఱులు ఆశా కార్యకర్త రావలెను. సూదిమందు మాత్రము ఆమె చేతికి రాలేదు. 2014 నాఁటి నియమములు దానిని ఏ.ఎన్.ఎం. చేతఁ బెట్టినవి. 2020 నాఁటి ప్రభుత్వ నమూనా లెక్కల ప్రకారము దేశమున వేయి జననములకు నవజాతశిశు మరణములు 20. ఈ తగ్గుదల అంతయు ఒక సంస్థ పుణ్యమనుట అతిశయోక్తి. బాటలు, బండ్లు, ఆసుపత్రి ప్రసవములు, టీకాలు, స్త్రీవిద్య అన్నియుఁ గలిసినవి. కాని బాటలు లేనినాఁడును బిడ్డను బ్రతికింపవచ్చునని చేసి చూపినవారు గడ్చిరోలి స్త్రీలు.

ఆ స్త్రీలకు మనము చేసిన మర్యాద యేది? 2022లో ప్రపంచారోగ్యసంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తల నందఱను గలిపి గౌరవించినది. పత్రికలు ప్రశంసించినవి. కాని శాసనము దృష్టిలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. ఆమెకు లభించునది జీతము గాదు, పారితోషికము. అర్ధరాత్రమున గర్భిణిని వెంటఁబెట్టుకొని పోవు మనిషిని సేవకురాలని పొగడి, జీతమడుగఁగానే సేవకు మూల్య మేమని యందుమా? పొగడ్త కూలికి బదులు గాదు. ఉద్యోగికి పెన్షను, సెలవు, భద్రత గావలెనని వాదించు మనము ఈ యన్యాయమును జూచియు మిన్నకుండుట తగదు.

మఱియొక సంగతి చెప్పక విడువరాదు. ఆరోగ్యమనఁగా మందు మాత్రమే కాదు. గడ్చిరోలి స్త్రీలను మీ బాధ యేమని యడిగినప్పుడు వారు సారాను జూపిరి. సంస్థయు గ్రామములును గలిసి నడపిన యుద్యమము ఫలితముగా 1993లో ఆ జిల్లాలో మద్యనిషేధము వచ్చినది. అదే కాలమున మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరము నేర్చుకొన్న స్త్రీలు సారాదుకాణము మూయించుటయు, 1993లో ఆంధ్రదేశమంతట సారా నిషేధింపఁబడుటయు మీకు జ్ఞాపకముండును. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో తొలఁగిపోయినది. గడ్చిరోలిలోను చట్టముతోనే దొంగసారా యాఁగలేదు. అందుకే అచ్చట 2016లో ముక్తిపథమను పేర మద్యము, పొగాకు రెండింటిపైఁ గూడ గ్రామగ్రామమునఁ బని నారంభించిరి. చట్టము ద్వారమువంటిది. కావలివాఁడు లేనిచో ద్వారమేమి చేయును? ఆ కావలి గ్రామమే కావలెను.

అభయ్ బంగ్ గారు ఈ మార్గమునకు ‘ఆరోగ్య స్వరాజ్య’ మని పేరు పెట్టిరి. తగిన పేరు. మన దేహమును గూర్చిన జ్ఞానము మన చేతిలో నుండుట స్వరాజ్యము. ఊపిరి లెక్కించుట కూడ పరుల వశమైనచో అది పారతంత్ర్యమే. ఇందుచే వైద్యునకు వచ్చు లోపమేమియు లేదు. జ్ఞానము దీపమువంటిది, పంచినంత తఱుగదు.

సభాసదులారా! మనమేమి చేయవలెను? గడ్చిరోలికిఁ బోనక్కఱలేదు. ఈ పట్టణమునందే కాలువగట్టున గుడిసెలున్నవి. ఆ వాడకు వచ్చు ఆశా కార్యకర్త పేరు మీలో నెందఱికిఁ దెలియును? ఆమె త్రాసు పనిచేయుచున్నదా? ఆమె సంచిలో ఉష్ణమాపకము గలదా? ఈ యేఁడు ఆ వాడలోఁ బుట్టిన బిడ్డలెందఱు, పోయిన బిడ్డలెందఱు? తెలియనిచో మొదటి పని తెలిసికొనుట. ఈ గ్రంథాలయమున పుస్తకముల పట్టిక యున్నది. దాని ప్రక్కన ఒక చిట్టా యుంచుఁడు. వాడలోని తల్లులను, ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను నెలకొకమాఱు ఈ మందిరమునకే పిలిచి, వారు చెప్పునది వినుఁడు. మీరు చెప్పవలసినది తరువాత. శిబిరమునకు వెచ్చించు సొమ్ములో నొక పాలు ఆమె సంచి నింపుటకు వెచ్చింపుఁడు. ఒక్కదినపు ఉత్సాహముకంటె పండ్రెండు నెలల ఓపిక యెక్కువ ఫలమిచ్చును.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము, గట్టిగా నడుగుదము. కాని అడుగుట కర్హత, మన వంతు మనము చేయుటవలననే కలుగును. లెక్కకెక్కని బిడ్డ మరణమునకు ఏ మంత్రియు సమాధానము చెప్పఁడు. లెక్క వ్రాసిన యూరికి ప్రత్యుత్తరము చెప్పక తప్పదు. మీరందఱు చదువుకొన్నవారు, వ్రాయుట మీ చేతనైన పని. రేపటినుండియే ఆ చిట్టా తెఱువుఁడని ప్రార్థించుచున్నాను.