శరణార్థికి నీడ, మాట, దారి

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! దైవభీతి కలిగి ఉండవలసిందిగా ముందు మాకు మేము, ఆపై మీకు హితవు చెప్పుకుంటున్నాము.

మక్కాలో హింస భరించలేక ముస్లిములు మొదట వలస వెళ్ళింది హబషా దేశానికి. ఖురైషుల దూతలు కానుకలతో వెళ్ళి, వారిని తమకు అప్పగించమని కోరారు. ఆనాటికి క్రైస్తవుడైన నజాషీ రాజు, ఆ శరణార్థుల మాట వినకుండా నిర్ణయం చెప్పనన్నాడు. నిండు సభలో జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) తమ గోడు తామే వినిపించారు. ఆ రాజు వారికి నీడతో పాటు మాట్లాడే అవకాశం కూడా ఇచ్చాడు.

తర్వాత మదీనాలో సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానంటే, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారుకు దారి చూపితే చాలన్నారు. పని తెలిసిన నిర్వాసితునికి కావలసింది ఆ దారే.

సోదరులారా! మన ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళితే గుత్తికోయల గూడేలు కనిపిస్తాయి. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత, ఆ హింసకు తాళలేక వేలాది మంది ఛత్తీస్‌గఢ్ నుండి ఇటు వచ్చారు. సొంత దేశంలోనే వారు శరణార్థులయ్యారు. అడవిలో ఘర్షణ జరిగిన రోజున వారి గురించి వార్త వస్తుంది. ఆ వార్త రాసేవారిలో వారి భాష తెలిసినవారు ఎందరు?

సరిహద్దుకు అవతల బీజాపూర్ జిల్లాలో ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి ఉండేవారు. ఆయన కుటుంబం కూడా సల్వాజుడుం కాలంలో సొంత ఊరు విడిచినదే. ఆయన ఎదిగి ‘బస్తర్ జంక్షన్’ యూట్యూబ్ ఛానల్ నడిపారు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో ఉన్న జవానును విడిపించి తెచ్చినప్పుడు అడవిలోకి వెళ్ళిన విలేకరులలో ఆయన ఒకరు. రోడ్డు పనుల్లో అవినీతిపై వార్త వెలువడిన తర్వాత ఆయన హత్యకు గురయ్యారు. 2025 జనవరి 3న మృతదేహం లభించింది. నిర్వాసితుల బిడ్డ ఎంతటి సాక్షి కాగలడో, అండలేని సాక్షికి ఎంతటి ప్రమాదమో ఆయన జీవితం చెబుతోంది.

సాక్షి విలువ మన ముదిగొండకు తెలియనిది కాదు. 2007 జూలై 28న భూమి కోసం సాగిన ఉద్యమంపై ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ సంగతి దేశమంతటికీ చేర్చింది విలేకరులే.

“వారు మన మతస్థులు కారు కదా” అని కొందరు అనవచ్చు. నజాషీ ఆ మాట అనుకుని ఉంటే జాఫర్ (రజి) గతి ఏమయ్యేది? శరణు కోరిన బహుదైవారాధకునికి సైతం రక్షణ ఇచ్చి, సురక్షిత స్థలానికి చేర్చమని తౌబా సూరా 6వ వాక్యం ఆదేశిస్తోంది.

కనుక మనం చేయగలిగినవి చేద్దాం. చదువుకున్న గుత్తికోయ యువకునికి తెలుగు రాత నేర్పుదాం. మనలో పత్రికలకు వార్తలు రాసేవారు అతన్ని తమ డెస్కుకు పరిచయం చేయాలి. అతను తెచ్చిన వార్తను మన పేరుతో వేసుకోవడం అమానత్‌లో ద్రోహం. పేరు అతనిదే ఉండాలి, ప్రతిఫలం అతనికే అందాలి. ప్రమాదకరమైన వార్త అయితే అతన్ని ఒంటరిగా పంపరాదు. హుజురాత్ సూరా 6వ వాక్యం కోరినట్లు, అతను తెచ్చిన సమాచారాన్నీ నిర్ధారించుకోవాలి. జాలి చూపే చోట కూడా సత్యానికి మినహాయింపు లేదు.

ఇది జరిగే పనే. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో ఆరంభమైన ‘సీజీనెట్ స్వర’లో గోండీ మాట్లాడేవారు ఫోనులో తమ భాషలోనే సమాచారం చెప్పారు, దానిని సరిచూసి వినిపించారు.

ఓ అల్లాహ్! నిర్వాసితులకు నీడనిచ్చే హృదయాన్ని, వారి మాట వినే చెవిని, వారికి దారి చూపే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. సత్యం పలికేవారిని నీ రక్షణలో ఉంచు. ఆమీన్.