గ్రామము నడుగక పట్టణము చేయవచ్చునా?

(రైతుల సభయందు గావించిన యుపన్యాసము)



 మీ గ్రామమును పట్టణముగా మార్చుట మేలా, కీడా యని మీరు మమ్మడిగితిరి. చట్టము చదివినవారము, ప్రజాసేవలో మెలగువారము గనుక మాకు తోచినది విన్నవించెదము. మంచినీటి గొట్టమును, మురుగుకాలువను, వీధిదీపమును వలదను వెఱ్ఱివాడు లేడు. మా ప్రశ్న యొక్కటియే: ఈ మార్పునకు జనుల సమ్మతి యున్నదా?

ఈ ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. చీరాల, పేరాలలు నాడు గుంటూరు జిల్లాలోనివి. 1970లో నేటి ప్రకాశము జిల్లాలోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినవి. 1919లో చెన్నపురి ప్రభుత్వము వానిని మునిసిపాలిటీ చేసెను. యూనియనుగా నున్నపుడు ఏటికి నాలుగువేల రూపాయల ప్రాంతమున నున్న పన్ను అనేక రెట్లు పెరిగెను. నేతగాండ్రు, రైతులు, చిల్లర వర్తకులు ఆ భారము మోయజాలమని మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ చెవి కెక్కలేదు. పన్ను కట్టక కొందఱు చెఱసాల కేగిరి.

అపుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ముందు నడచిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు దారులు చూపెను: శాంతముగా పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట రెండవది. జనులు రెండవదానిని గైకొనిరి. మండువేసవిలో పదివేలకు మించిన జనము ఇండ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దు దాటి పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరిడిరి. రామదండు సేవకులు అచట క్రమము నిలిపిరి. ఎండకు, వానకు, చలికి ఓర్చి పదునొకండు నెలల పాటు నిలిచిరి. నాయకుడు చెఱసాల పాలయ్యెను, ధనము కొఱవడెను, తుదకు జనులు ఇండ్లకు మరలిరి. మునిసిపాలిటీ నిలిచెను. కాని సమ్మతి లేని పాలనకు తల యొగ్గమని వారు చూపిన తెగువయు నిలిచెను.

పరప్రభుత్వము పోయినది. ప్రశ్న పోయినదా? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణమును చూడుడు. ఒక ప్రాంతమును పట్టణముగా ప్రకటించుటకు జనసంఖ్య, జనసాంద్రత, స్థానికపాలనకు వచ్చు రాబడి, వ్యవసాయేతర వృత్తులవారి పాలు, ఆర్థిక ప్రాముఖ్యము చూడవలెనని అందున్నది. అచటి జనుల నడుగవలెనని మాత్రము లేదు.

మఱియొక చిక్కు గలదు. పంచాయతీలో ఓటరులందఱు గూడిన గ్రామసభ యున్నది. అందు సామాన్యుడైన కూలివాడును లేచి లెక్క యడుగవచ్చును. ఊరు పట్టణమైన నాడు ఆ సభ అంతరించును. దానికి మాఱుగా వార్డు కమిటీలు ఉండవలె నందురా? మూడులక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పట్టణములకే రాజ్యాంగము వానిని విధిగా చేసినది. చిన్న పట్టణమునకు రాజ్యాంగము వానిని విధిగా చేయలేదు. గ్రామీణ ప్రాంతములకు మాత్రమే వర్తించు ఉపాధి హామీయు కూలివానికి తప్పిపోవును. చేనిపనిపై బ్రతుకువారు మిక్కిలిగా నున్న ఊరికి ఇది చిన్న నష్టమా?

గురజాల, దాచేపల్లి, దర్శి ఇట్లే నగరపంచాయతీలై 2021 నవంబరులో కౌన్సిలుల నెన్నుకొనినవి. అవి బాగుపడవలెననియే మా కోరిక. మీ వంతు రాకముందే మీరు మేలుకొనవలెననుటయే మా మాట.

కావున గ్రామసభను పిలిపింపుడు. మూడు లెక్కలు వ్రాతమూలముగా కోరుడు: ఇంటిపన్ను ఎంత పెరుగును? దానికి బదులుగా ఏ సౌకర్యము ఏ గడువులోపల వచ్చును? ఏ హక్కులు, ఏ పనులు పోవును? ఆ లెక్కలు చదివి వినిపించిన పిదప ఔననియో కాదనియో తీర్మానింపుడు. ఔనన్నచో పన్ను నిండుమనస్సుతో చెల్లింపుడు. అది మీ పన్ను, మీ పట్టణము. కాదన్నచో ఆ తీర్మానమును పాలకుల ముందుంచి శాంతముగా, పట్టుదలతో నిలువుడు.

నాడు చీరాలవారు తమ మాట వినిపించుటకు ఇల్లు విడువవలసి వచ్చెను. మీరు ఒక పూట పని విడిచి గ్రామసభకు వచ్చిన చాలును. ఆ మాత్రము చేయనివారికి పిమ్మట పన్ను హెచ్చెనని వగచుటకు అధికారము లేదు.