మన ఇంట్లో రేడియో ధార్మికత
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కూచిపూడికీ పులిహోరకీ నడుమ ఈ పరమాణువుల గోల ఏమిటా అని మీరనుకోవచ్చు. నాకు ఇచ్చింది పది నిమిషాలే, భయపడకండి.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మకు థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నదని డాక్టర్లు రేడియో అయోడిన్ మాత్ర ఇచ్చారు. కొన్నాళ్ళు వేరే గదిలో పడుకోమనీ, మనవణ్ణి దగ్గరకు తీసుకోవద్దనీ చెప్పారు. "ఇదేం మైలరా? ఎన్నాళ్ళు పట్టాలి?" అని అడిగింది అమ్మ. భౌతికశాస్త్రం చదువుకున్న నన్ను ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

కొన్ని పరమాణువుల కేంద్రకాలకు నిలకడ ఉండదు. అవి తమంత తామే మార్పు చెంది ఆల్ఫా, బీటా కణాలనో గామా కిరణాలనో వెలువరిస్తాయి. 1896లో హెన్రీ బెకెరెల్ యురేనియం లవణాలలో ఈ గుణం కనిపెట్టాడు. ఏ పరమాణువు వంతు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కాని మొత్తంలో సగం ఎప్పటికి తరుగుతుందో చెప్పగలం. అదే అర్ధాయువు.

అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. నూరు పాళ్ళు ఉన్నది 8వ రోజుకు 50, 16వ రోజుకు 25 అవుతుంది. మూత్రంలో పోయేది దీనికి అదనం. థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి. మంచిదా చెడ్డదా అని చూడకుండా లాక్కుంటుంది. అలా చేరిన మందు బీటా కణాలతో ఆ గ్రంథినే అణుస్తుంది. గామా కిరణాలు మాత్రం ఒళ్ళు దాటి బయటికి వస్తాయి. దూరంగా ఉండమన్నది ముఖ్యంగా అందుకే.

"సగంలో సగం, మళ్ళీ సగం. అయితే మొత్తం ఎప్పటికి పోతుంది?" అంది అమ్మ. పూర్తిగా పోనక్కరలేదు, పసివాడికి హాని లేనంత తగ్గితే చాలునన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

ఆమె గది పైకప్పుకే పొగను పసిగట్టే పెట్టె ఉంది. కొన్ని రకాల పెట్టెల్లో అమెరీషియం-241 ఉంటుంది, మైక్రోగ్రాము కంటే తక్కువే. అర్ధాయువు సుమారు 432 ఏళ్ళు. దాని ఆల్ఫా కణాల వల్ల లోపలి గాలిలో సన్నని విద్యుత్తు ప్రవహిస్తుంది. పొగ దూరితే ప్రవాహం తగ్గి పెట్టె కూస్తుంది. మన తాలింపుకూ కూస్తుందనుకోండి! ఆల్ఫా కణాలను కాగితం ముక్క ఆపగలదు. అయినా పెట్టెను విప్పకండి.

మామిడిపండు సంగతి చాలామంది అడుగుతారు. 2007లో ఇండియా మామిడి మళ్ళీ అమెరికాకు వచ్చింది, టెంకపురుగు వంటివి వృద్ధి కాకుండా గామా కిరణాలు పట్టించాకనే. ఆ పండు రేడియో ధార్మికం కాదు. దీపం వెలుగు పడినంత మాత్రాన గోడ దీపమవుతుందా? అమ్మ సంగతి వేరు. ఆమె దీపాన్నే మింగింది.

డాక్టర్లు చెప్పిన గడువు తీరిన రోజున అమ్మ తలంటి పోసుకుంది. అయోడిన్‌కు స్నానంతో పని లేదని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటికే మనవడు ఆమె ఒళ్ళో ఉన్నాడు.