కుర్చీలో మనమే కూర్చోవాలి

(స్థానిక ఎన్నికల్లో పోటీ చేయాలనుకునే మహిళల కోసం రేపల్లెలో జరిగిన శిక్షణ తరగతిలో ఒక మాజీ సర్పంచి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేసిన అమ్మాయి "మాజీ సర్పంచి" అని చెప్పింది. నిజమే, 1995లో నేను గెలిచాను. కానీ ఆ అయిదేళ్లలో మొదటి రెండేళ్లు నేను సర్పంచిని కాదు, సర్పంచి గారి భార్యని. మీరు నవ్వుతున్నారు. ఆ రెండేళ్లకు నేను ఏం చెల్లించుకున్నానో వింటే నవ్వరు. ఎన్నికల్లో ఎలా గెలవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గెలిచాక ఆ కుర్చీలో మనమే కూర్చోవడం ఎలాగో, అది చెయ్యి జారాక మళ్లీ ఎలా అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.

ఈ సీట్లు మనకు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1986 చట్టం ప్రకారం మండలాధ్యక్ష పదవుల్లో ఆడవాళ్లకు కేటాయించింది 9 శాతం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాకే పంచాయతీ, మండల, జిల్లా స్థాయిల్లో మూడో వంతు సీట్లు, మూడో వంతు అధ్యక్ష పదవులు మనకొచ్చాయి. దాని ప్రకారం మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసి 1995లో ఎన్నికలు జరిపింది. అంతకు ముందే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మా ఊళ్లోనూ మేం సారా దుకాణం ముందు కూర్చున్నాం. అందుకని "ఆడవాళ్లకు రాజకీయాలేం తెలుసు" అనే మాటను ఆనాడే ఎవరూ నమ్మాల్సిన పని లేదు.

అయినా ఏం జరిగింది? మా ఊరి సర్పంచి పదవి మహిళలకు రిజర్వయిందని తెలిసిన సాయంత్రం నలుగురు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. వచ్చింది నాకోసం కాదు, మా ఆయన కోసం. "మీ ఇంట్లోవాళ్లని నిలబెడదాం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను వాళ్లకి కాఫీ గ్లాసులు అందిస్తున్నాను. నిలబడతావా అని నన్ను ఎవరూ అడగలేదు. నామినేషను కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. గెలిచిన రోజు దండలు మా ఆయన మెడలో పడ్డాయి.

ఆ తర్వాత రెండేళ్లు పంచాయతీ మా ఇంటి అరుగు మీద నడిచింది. తీర్మానాల పుస్తకం వంటింట్లోకి వచ్చేది. నేను తడి చెయ్యి పమిటకు తుడుచుకుని సంతకం పెట్టేదాన్ని. ఏం రాశారో చదివిన పాపాన పోలేదు. ఏడో తరగతి దాకా చదివాను, చదవలేక కాదు. అది నా పని కాదనుకున్నాను.

మా ఊరు డెల్టా చివర. కృష్ణ కాలవ నీళ్లే మా ప్రాణం. బోరు దింపితే ఉప్పు నీళ్లు పడతాయి. వేసవిలో కాలవ కట్టేసేలోగా మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు. 1997లో చెరువు పూడిక తీయించినట్టు, గట్టు పోయించినట్టు పుస్తకంలో రాశారు, బిల్లు డ్రా చేశారు. చెరువులో మాత్రం ఒక్క తట్ట మట్టి కదల్లేదు. మే నెలకల్లా చెరువు అడుగంటింది. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు మా గుమ్మం ముందుకొచ్చారు. వాళ్లలో ఒక ముసలమ్మ అడిగింది, "సంతకం నీదేనంటగా అమ్మా?" అని. నా దగ్గర జవాబు లేదు.

కొన్నాళ్లకు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. డబ్బు తిరిగి కట్టమని నోటీసు. ఆ నోటీసు మీద మా ఆయన పేరు లేదు, కాంట్రాక్టు చేసినవాడి పేరు లేదు. నా పేరే ఉంది. చట్టానికి భర్త ఎవరో తెలియదు, సంతకం ఎవరిదో తెలుసు. నా చేతి గాజులు రెండు జతలు అమ్మి కట్టాను. ఈ సంగతి సభలో చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ మరుసటి నెల నేను పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాను. మాలపల్లె నుంచి గెలిచిన వార్డు మెంబరు ఒకామె రెండేళ్లుగా ప్రతి సమావేశానికీ వస్తోంది. ఆమెకు కుర్చీ వేయరు. గుమ్మం దగ్గర నిలబడి వేలిముద్ర వేసి వెళ్లిపోయేది. చుండూరు మారణకాండ జరిగింది 1991 ఆగస్టులో. ఇక్కడికి ఎంత దూరమో మీకు తెలుసు. ఆ గాలి అందరి ఇళ్లలోనూ ఉంది. నేను ఇంట్లో కూర్చుని నా కుర్చీ పోయిందనుకుంటున్నాను, ఆమెకు అసలు కుర్చీయే లేదు. ఆ రోజు నా పక్కన కుర్చీ వేయించాను. పెద్ద గొప్ప పనేం కాదు, రెండేళ్లు ఆలస్యంగా చేసిన పని. కానీ ఆ తర్వాత చెరువు పూడిక తీయించే తీర్మానం పెడితే ముందుగా చెయ్యెత్తింది ఆమే. పని జరుగుతున్నన్ని రోజులూ మేమిద్దరం గట్టు మీదే ఉన్నాం. తరవాతి వేసవిలో చెరువు ఎండలేదు.

నేను గెలిచిన ఏడాదే కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామంలో ఫాతిమాబీ సర్పంచి అయ్యారు. పొదుపు సంఘాల ఆడవాళ్లను వెంట పెట్టుకుని పనిచేశారు. 1998లో ఆమెకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి పేదరిక వ్యతిరేక పురస్కారం వచ్చింది. ఒంటరి సర్పంచికీ, వెనక సంఘమున్న సర్పంచికీ తేడా అదే.

2001లో మా ఊరి పదవి జనరల్ అయింది. నేను మళ్లీ నిలబడతానన్నాను. ఊరంతా ఒకటే మాట. "నీ వంతు అయిపోయిందిగా అమ్మాయ్!" వంతు ఏమిటి, ఇదేమన్నా నీళ్ల వంతా? చట్టంలో ఉన్న మాట "మూడో వంతుకు తక్కువ కాకుండా" అని. అంటే అది అడుగు మట్టం, పైకప్పు కాదు. జనరల్ సీటంటే మగవాళ్ల సీటని ఏ చట్టమూ అనలేదు. 43 ఓట్లతో ఓడిపోయాను. ఓడినందుకు బాధ లేదు. ఈసారి నామినేషను కాగితం నేనే చదివి నింపాను. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ నేనే తిరిగాను.

2006లో జెడ్.పి.టి.సి.కి అడిగాను. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు, ఎం.పి.టి.సి., జెడ్.పి.టి.సి. ఎన్నికలు పార్టీల మీద జరుగుతాయి. అందుకని బి-ఫారం కావాలి. "మహిళలకు రిజర్వయితే చూద్దాం" అన్నారు. రేపల్లె రైల్లో తెనాలికీ, గుంటూరుకీ నాలుగుసార్లు తిరిగి వచ్చాను. ఆ తర్వాత 2011లో చట్టం మార్చి మన వాటా సగం చేశారు. 2013 పంచాయతీ ఎన్నికలు ఆ లెక్కనే జరిగాయి. సగం వచ్చినా పార్టీ ఆఫీసుల్లో మాట మారలేదు. రిజర్వయిన చోట మన పేరు, మిగతా చోట్ల వాళ్ల పేరు. ఆ గీతను చెరపాల్సింది మీరు.

ఇంకో అడ్డు గురించి చెప్పాలి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి అనర్హులనే నిబంధన 1994 చట్టంలో ఉండేది. 1995 మే చివరి తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్లకు అది వర్తించేది. మగపిల్లాడు కావాలని మూడో కాన్పుకు పంపేది ఇంట్లోవాళ్లు, పదవి పోయేది ఆడదానికి. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది. ఇంకా ఆ పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తే ఈ మాట చెప్పండి.

చివరగా, రాసుకోవాల్సిన సంగతులు కొన్ని.

నోటిఫికేషను వచ్చేదాకా ఆగొద్దు. ఓటర్ల జాబితాలో మీ పేరు, మీ వార్డు ఇప్పుడే చూసుకోండి. రిజర్వుడు సీటుకైతే కుల ధృవీకరణ పత్రం ముందే తీసుకోండి. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే పోటీకి అర్హులే.

"ఏకగ్రీవం చేద్దాం" అని గుడి దగ్గర కూర్చుని తేల్చేవాళ్లు ఉంటారు. ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో, దళితవాడ నుంచి ఎవరున్నారో అడగండి. అందరి మాటా అడగనిది ఏకగ్రీవం కాదు.

గెలిచినా ఓడినా ఎన్నికల ఖర్చు లెక్క 45 రోజుల్లో అప్పజెప్పాలి. ఓడిపోయాం కదా అని చాలామంది ఊరుకుంటారు. అట్లా ఊరుకుంటే మూడేళ్లపాటు పోటీకి అనర్హులవుతారు. ప్రతి రసీదూ దాచుకోండి.

ఖాళీ కాగితం మీద గానీ, చదవని తీర్మానం మీద గానీ సంతకం పెట్టొద్దు. చదవడం రాకపోతే మీరు నమ్మినవాళ్ల చేత చదివించుకోండి. సమావేశం ఆఫీసులోనే పెట్టించండి. "మీ ఆయన్ని పంపండి" అంటే "సర్పంచిని నేనే, చెప్పండి" అనండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. నాకూ వణికింది.

మా ఆయన సంగతి అడుగుతారేమో. ఇప్పుడాయన ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ తనే ఇస్తారు. ఒక్కరోజులో మారలేదు, ఇంట్లో గొడవలు లేకుండా మారలేదు. ఆ గొడవ పడటానికి భయపడి ఊరి చెరువును ఎండబెట్టుకోవద్దని మాత్రం చెబుతున్నాను.

ఇక్కడ ఇంతమంది ఉన్నారు. భోజనాల తర్వాత మళ్లీ కూర్చున్నప్పుడు ఎవరెవరు నిలబడాలనుకుంటున్నారో లేచి చెప్పండి. మీ ఊరి పదవి రిజర్వయిందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు మీ నోటితో మీ పేరు చెప్పండి.